బలానికని కొనే బిళ్ళల వెనక కథ

డ్యూటీలో ఉండి ఈ ఎపిసోడ్ వినలేకపోయిన వాళ్ళ కోసం ముఖ్యమైన సంగతులు ఇక్కడ రాస్తున్నా.

నేనుండే సల్వాలో మందుల షాపుకు పోతే "యాంటీ ఆక్సిడెంట్" అని రాసిన డబ్బాలు వరసగా కనిపిస్తాయి. ఊరికి పోయేటప్పుడు అమ్మానాన్నలకు బలానికని మనలో చాలామంది కొంటారు. ఆ మాటకు ఇంత పేరు ఎట్లా వచ్చిందో చూద్దాం.

1954లో రెబెకా గెర్ష్‌మన్ అనే అర్జెంటీనా శాస్త్రవేత్త ఒక విచిత్రమైన సంగతి చెప్పారు. మనం బతికేదే ఆక్సిజన్ మీద. అదే ఆక్సిజన్ ఎక్కువైతే ఎక్స్‌రే కిరణాల మాదిరే కణాన్ని దెబ్బతీస్తుందని ఆమె వాదన. ఆ దెబ్బ కొట్టేవి ఫ్రీ రాడికల్స్, అంటే జత తప్పిన ఎలక్ట్రాన్ ఉన్న అణువులు. అవి పక్క అణువు నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటాయి, అది ఇంకోదాన్నుంచి లాక్కుంటుంది. నూనె పాతబడి కంపు కొట్టేదీ ఇట్లాంటి గొలుసు వల్లనే. కణం చుట్టూ ఉండే కొవ్వు పొరకూ అదే గతి పడుతుంది. విటమిన్ ఇ లాంటివి తమ ఎలక్ట్రాన్ ఇచ్చి ఆ గొలుసును తెంపుతాయి. రెండేళ్ళకు, 1956లో, ముసలితనానికి కారణం కూడా ఇదేనని అమెరికాలో డెన్హామ్ హార్మన్ సిద్ధాంతం చేశారు.

1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ పశువుల ఎర్ర రక్తకణాల నుంచి ఒక ఎంజైమ్ తీసి చూపించారు. సూపర్ ఆక్సైడ్ అనే రాడికల్‌ను అణచడమే దాని పని. అంటే కాపలా కణంలోనే ఉందన్నమాట!

మరి బయటినుంచి బిళ్ళలు వేస్తే ఇంకా మంచిదే కదా? అందరూ అట్లాగే అనుకున్నారు. ఫిన్లాండ్‌లో సిగరెట్ తాగే 29,133 మంది మగవాళ్ళను తీసుకుని, కొందరికి విటమిన్ ఇ, కొందరికి బీటా కెరోటిన్, కొందరికి రెండూ ఇచ్చి, మిగతావాళ్ళకు ఉత్త బిళ్ళలు ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. విటమిన్ ఇ కూడా దాన్ని ఆపలేదు. అమెరికాలో సిగరెట్ తాగేవాళ్ళ మీద, ఆస్బెస్టాస్ దుమ్ములో పనిచేసినవాళ్ళ మీద చేసిన ఇంకో పరీక్షను నష్టం కనిపించి 1996 జనవరిలో మధ్యలోనే ఆపేశారు.

పొగతో దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లో బీటా కెరోటిన్ తానే ఆక్సీకరణం చెంది ఎదురు తిరుగుతుందని శాస్త్రవేత్తల అంచనా. ఇంకో సంగతి, రాడికల్స్ అన్నీ శత్రువులు కావు. మన తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపేది వాటితోనే.

డాక్టర్ రాసిచ్చిన మందు మానమని నేను చెప్పడం లేదు. కానీ సిగరెట్ తాగే అన్నలు, సైట్లలో దుమ్ము మింగే తమ్ముళ్ళు బీటా కెరోటిన్ డబ్బా సొంతంగా కొనొద్దు. తిండిలో వచ్చే క్యారెట్‌తో ఆ భయం లేదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో 100 గ్రాముల ఉసిరికాయలో 600 మిల్లీగ్రాములు, జామకాయలో 212 మిల్లీగ్రాముల విటమిన్ సి అని ఉంది. జమియాలో జామకాయలు దొరికినప్పుడు అవి కొనుక్కోండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాన్న ఏ బిళ్ళలు వేసుకుంటున్నాడో కూడా ఒకసారి అడగండి.