బేస్‌బాల్ అరంగేట్రాల పట్టిక

అభిమాన జట్టు తరఫున ఎవరు ఎప్పుడు మొదటిసారి ఆడారో వరుసగా రాసిపెట్టుకోవడం అమెరికా బేస్‌బాల్ అభిమానులకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. జట్టు పుట్టిన రోజు మొదలు నిన్నటి మ్యాచ్ దాకా ఆడిన ప్రతి ఒక్కరికీ ఈ పట్టికలో ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యకు ప్రతిభతోగానీ జీతంతోగానీ సంబంధం లేదు, వచ్చిన వరుసే లెక్క. ఇరవై ఏళ్లు ఆడినవాడికీ ఒక్క ఇన్నింగ్స్‌తో కనుమరుగైనవాడికీ దక్కేది ఒక్కొక్క వరుసే. ఆట చరిత్రను ఇంత సమదృష్టితో చూసే రికార్డు మరొకటి లేదు.

క్రికెట్‌లో ఈ పనిని బోర్డులే చేస్తాయి. 1932లో లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టు ఆడినప్పుడు కెప్టెన్ సి.కె.నాయుడే అయినా ఆయన టెస్టు క్యాప్ సంఖ్య 7. ఆ పదకొండు మందికీ అక్షరక్రమంలో సంఖ్యలు ఇవ్వడమే అందుకు కారణం. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అలాంటి క్యాప్ సంఖ్యల సంప్రదాయం లేదు. ఆ బాధ్యతను అభిమానులే నెత్తికెత్తుకున్నారు.

ఒక జట్టు: న్యూయార్క్ మెట్స్

ఈ లెక్కకు న్యూయార్క్ మెట్స్ చక్కగా కుదిరే జట్టు. పంతొమ్మిదో శతాబ్దం నాటి జట్లతో పోలిస్తే దీని ఆరంభం దగ్గరిది, ప్రతి మ్యాచ్ వివరమూ దొరుకుతుంది. డాడ్జర్స్, జెయింట్స్ జట్లు 1957 సీజన్ తర్వాత న్యూయార్క్ వదిలి కాలిఫోర్నియాకు వెళ్లిపోయాయి. ఆ వెలితి పూడ్చడానికి పుట్టిన మెట్స్ తొలి మ్యాచ్‌ను 1962 ఏప్రిల్ 11న సెయింట్ లూయిస్‌లో ఆడి 11–4తో ఓడిపోయింది. అతిథి జట్టు కాబట్టి ముందుగా బ్యాటింగుకు దిగింది. ఆ వరుస ప్రకారం మొదటి మెట్ రిచీ ఆష్‌బర్న్, తొమ్మిదోవాడు పిచర్ రోజర్ క్రెయిగ్. అదే మ్యాచ్‌లో జట్టు తొలి హోమ్ రన్ కొట్టిన గిల్ హాడ్జెస్, 1969లో మేనేజర్‌గా ఇదే జట్టును ప్రపంచ చాంపియన్‌ను చేశాడు.

ఆ మొదటి సీజన్‌లో మెట్స్ గెలిచినవి 40, ఓడినవి 120. గెలవని జట్టులో మనుషులు నిలకడగా ఉండరు. క్యాచర్ హ్యారీ చిటీని క్లీవ్‌లాండ్ నుంచి తెచ్చుకుంటూ, బదులుగా ఒక ఆటగాణ్ని తర్వాత ఇస్తామని ఒప్పుకున్నారు. కొన్ని వారాలకు ఆ బాకీ కింద చిటీనే తిరిగి పంపేశారు. 15 మ్యాచ్‌లే ఆడినా పట్టికలో అతని స్థానం పదిలం. ఇప్పుడా పట్టిక 1,200 పేర్లు దాటింది.

ఎప్పుడు ఆడినట్టు?

ఈ లెక్కలో రెండు రకాల అరంగేట్రాలున్నాయి. మేజర్ లీగ్‌లోనే మొదటిసారి ఆడటం ఒకటి, ఈ జట్టుకు మొదటిసారి ఆడటం రెండోది. జట్టు పట్టికకు రెండోదే ప్రధానం. అప్పటికే పేరుమోసిన మైక్ పియాజా 1998 మేలో మెట్స్‌కు వచ్చినప్పుడు అతనూ ఆ వరుసలో కొత్తవాడే.

జట్టులో పేరుండి, యూనిఫాం వేసుకుని డగౌట్‌లో కూర్చుంటే చాలదు, మ్యాచ్‌లోకి దిగాలి. ఆ గీత ఎంత సన్ననిదో చెప్పడానికి లారీ యౌంట్ ఉదంతం చాలు. 1971 సెప్టెంబరు 15న హ్యూస్టన్ ఆస్ట్రోస్ పిచర్‌గా అతని పేరు ప్రకటించారు. సన్నాహకంగా బంతులు విసురుతుండగానే చెయ్యి నొప్పి చేసి వెనుదిరిగాడు. ఒక్క బ్యాటర్‌కైనా బంతి వేయలేదు, మళ్లీ ఎన్నడూ మేజర్ లీగ్‌లో ఆడలేదు. అయినా పేరు ప్రకటించారు కాబట్టి అతని ఖాతాలో ఒక మ్యాచ్ ఉంది. మరోవైపు, 2015లో రూబెన్ తేహాడా కాలు విరగడంతో మాట్ రేనాల్డ్స్‌ను మెట్స్ పోస్ట్ సీజన్ జట్టులోకి తీసుకున్నారు. కానీ ఒక్క మ్యాచ్‌లోనూ దించలేదు. పట్టికలో చేరడానికి 2016 మే దాకా ఆగాడు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌లో మెట్స్ ప్రత్యర్థి కాన్సస్ సిటీ తరఫున రౌల్ మాండెసీ ఏకంగా మేజర్ లీగ్ అరంగేట్రమే చేశాడు. వరల్డ్ సిరీస్‌లో అలా మొదలుపెట్టిన మొదటి ఆటగాడు అతనే.

తేదీలు కూడా ఒక్కోసారి తికమక పెడతాయి. 2018 మే 15న వాషింగ్టన్‌లో వాన వల్ల ఆగిన నేషనల్స్–యాంకీస్ మ్యాచ్ జూన్ 18న కొనసాగింది. అప్పుడు నేషనల్స్ తరఫున దిగిన హువాన్ సోటో హోమ్ రన్ కొట్టాడు. అతని అరంగేట్రం మే 20న. కానీ ఆగిన మ్యాచ్ గణాంకాలు మొదలైన తేదీకే చెందుతాయి కాబట్టి, మేజర్ లీగ్‌కు రాకముందే హోమ్ రన్ కొట్టినట్టు రికార్డు చూపిస్తుంది.

ఒక్క మ్యాచ్ మనుషులు

పట్టికలు రాసేవారికి ప్రాణప్రదమైన పేర్లు తరచుగా ఇవే. 1905 జూన్ 29న న్యూయార్క్ జెయింట్స్‌కు ఆడిన మూన్‌లైట్ గ్రాహం ఫీల్డింగ్‌కు దిగాడు గానీ బ్యాటింగ్ అవకాశం రాలేదు, ఆ తర్వాత మ్యాచే రాలేదు. 1989లో వచ్చిన ‘ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్’ సినిమా అతన్ని ప్రపంచానికి పరిచయం చేసింది.

మెట్స్‌కు జో హీట్‌పాస్ ఉన్నాడు. 2004 అక్టోబరు 3, షే స్టేడియంలో సీజన్ ఆఖరి మ్యాచ్. ప్రత్యర్థి మాంట్రియల్ ఎక్స్‌పోస్. ఆ జట్టుకు చరిత్రలోనే అది చివరి మ్యాచ్, మరుసటి ఏడాది వాషింగ్టన్‌కు తరలిపోయి నేషనల్స్ అయింది. మెట్స్‌లో అదే ఆఖరి రోజుగా ఆడుతున్న టాడ్ జీల్, కెరీర్ చివరి బ్యాటింగ్‌లో హోమ్ రన్ కొట్టాడు. మెట్స్ 8–1తో ముందున్నారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌కు క్యాచర్‌గా హీట్‌పాస్‌ను పంపారు. ముసుగు వేసుకుని ప్లేట్ వెనక కూర్చున్నాడు, పిచర్ బార్టొలోమే ఫార్చునాటో బంతులు అందుకున్నాడు. ఎండీ చావెజ్ కొట్టిన బంతి నేల మీదుగా ఫీల్డర్ చేతికి పోయింది, అవుట్. ఎక్స్‌పోస్ కథ ముగిసింది. ఆధిక్యంలో ఉన్న ఆతిథ్య జట్టు తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బ్యాటింగ్ చేయనక్కర్లేదు కాబట్టి హీట్‌పాస్‌కు బ్యాట్ పట్టే వీల్లేకపోయింది. తర్వాత మైనర్ లీగ్‌లో పిచర్‌గా మారి ప్రయత్నించినా మేజర్ లీగ్ పిలుపు మళ్లీ రాలేదు. ఆ రోజు ఆఖరి అవుట్ అయిన చావెజ్ మాత్రం 2006లో మెట్స్‌కే వచ్చి, ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో గోడ మీదికి ఎగిరి పట్టిన క్యాచ్‌తో అభిమానుల గుండెల్లో నిలిచిపోయాడు.

ఆడమ్ గ్రీన్‌బర్గ్ సంగతి ఇంకా కఠినం. 2005 జూలై 9న చికాగో కబ్స్ తరఫున ఎదుర్కొన్న మొదటి బంతే తలకు తగిలింది. ఏడేళ్ల తర్వాత, 2012 అక్టోబరు 2న మయామీ మార్లిన్స్ ఒక్కరోజు ఒప్పందంతో అతన్ని మళ్లీ బ్యాటింగుకు పంపింది. ఎదురుగా ఉన్నది ఆ ఏడాది ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచిన మెట్స్ పిచర్ ఆర్.ఎ.డికీ. మూడు బంతుల్లో స్ట్రైకౌట్ అయ్యాడు. అయినా ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఎదురుచూపు

ప్రధాన జట్టులో 26 మంది, సెప్టెంబరులో 28 మంది ఉంటారు. ఒప్పంద జాబితాలో 40 మంది. ఎవరికైనా గాయమైతే మైనర్ లీగ్ నుంచి మరొకరికి పిలుపు వస్తుంది. అందుకే మెట్స్ అభిమానులు సిరాక్యూస్, బింగమ్‌టన్, బ్రూక్లిన్ అనుబంధ జట్ల స్కోర్లు కూడా చూస్తుంటారు. ఎవరు ముందొస్తారన్న అంచనాలు మాత్రం తరచుగా తలకిందులవుతాయి. 2014 మే 14న యాంకీస్ మీద అరంగేట్రం చేసిన రఫయెల్ మాంటేరో మీదే అప్పట్లో అందరి ఆశలూ. మరుసటి రోజు వచ్చిన జేకబ్ డిగ్రామ్‌ను పెద్దగా ఎవరూ ఊహించలేదు. 1–0తో ఓడినా ఏడు ఇన్నింగ్స్ నిలబడ్డ ఆ కుర్రాడే ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు, 2018, 2019లలో సై యంగ్ అవార్డులు గెలిచాడు.

జట్టు యాజమాన్యాలు అరంగేట్రాన్ని కావాలని వాయిదా వేసిన సందర్భాలూ ఉన్నాయి. జట్టులో 172 రోజులుంటే ఒక సంవత్సరం సర్వీసు కింద లెక్క. అలాంటివి ఆరు నిండితే ఆటగాడు నచ్చిన జట్టుకు వెళ్లొచ్చు. 2015లో కబ్స్ క్రిస్ బ్రయంట్‌ను ఏప్రిల్ 17న దించడంతో అతనికి దక్కింది 171 రోజులు. ఒక్క రోజు తేడాతో జట్టు మరో ఏడాది అతన్ని అట్టేపెట్టుకుంది. అతని ఫిర్యాదు 2020లో వీగిపోయింది. అభిమాని ఎదురుచూపును, కుర్రాడి కష్టాన్ని ఇలా రోజుల లెక్కకు తాకట్టు పెట్టడం అన్యాయమే.

పట్టికలోకి రాకుండా చేజారిపోయినవారూ ఉంటారు. భారతీయ మూలాలున్న తల్లికి పుట్టిన పిచర్ కుమార్ రాకర్‌ను మెట్స్ 2021 డ్రాఫ్ట్‌లో పదోవాడిగా ఎంచుకుని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోలేదు. 2024 సెప్టెంబరు 12న అతను టెక్సస్ రేంజర్స్ తరఫున సియాటిల్‌లో అరంగేట్రం చేసి నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగురిని స్ట్రైకౌట్ చేశాడు. రేంజర్స్ సొంత మైదానం ఆర్లింగ్టన్‌లో ఉంది. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన డల్లస్‌కు అది పక్కనే.

2023 నుంచి మేజర్ లీగ్‌లో తొలిసారి ఆడేవారి చొక్కా చేతికి ఒక ప్రత్యేక గుర్తు కుడుతున్నారు. దాన్ని తర్వాత ఆటగాళ్ల కార్డులు ముద్రించే టాప్స్ సంస్థ ఒకేఒక్క కార్డులో అమరుస్తుంది. పిచర్ పాల్ స్కీన్స్ కార్డు 2025లో 11.1 లక్షల డాలర్లు పలికింది.

తిరగరాసిన చరిత్ర

అరంగేట్ర తేదీలు అభిమానులకు సులభంగా అందడానికి వెనక దశాబ్దాల శ్రమ ఉంది. 1969లో మాక్‌మిలన్ ప్రచురించిన ‘బేస్‌బాల్ ఎన్‌సైక్లోపీడియా’, 1971లో కూపర్స్‌టౌన్‌లో ఏర్పడిన అమెరికన్ బేస్‌బాల్ పరిశోధన సంఘం, పాత మ్యాచ్‌ల స్కోరుషీట్లను ఏర్చికూర్చిన రెట్రోషీట్ ఆ శ్రమలో ముఖ్యమైనవి.

అన్నిటికన్నా పెద్ద సవరణ 2020 డిసెంబరులో జరిగింది. వర్ణవివక్ష వల్ల వేరుగా ఆడాల్సి వచ్చిన నల్లజాతి ఆటగాళ్ల ఏడు నీగ్రో లీగులను, 1920–48 మధ్య కాలానికి, మేజర్ లీగులుగా గుర్తించారు. సుమారు 3,400 మంది పేర్లు చేరాయి. 2024లో గణాంకాలు కూడా కలిపారు. విల్లీ మేస్ అరంగేట్రం అంతకుముందు 1951 మే 25, న్యూయార్క్ జెయింట్స్ తరఫున. ఇప్పుడది 1948లో బర్మింగ్‌హామ్ బ్లాక్ బారన్స్‌తో మొదలవుతుంది, అప్పటి పది హిట్లూ అతని మొత్తానికి కలిశాయి. మెట్స్ పట్టికలో మాత్రం మేస్ తేదీ మారలేదు. కెరీర్ చివర్లో న్యూయార్క్‌కు తిరిగొచ్చిన ఆయన 1972 మే 14న మెట్స్ చొక్కాలో తన పాత జట్టు జెయింట్స్ మీదే తొలి మ్యాచ్ ఆడి, గెలుపు తెచ్చిన హోమ్ రన్ కొట్టాడు. మెట్స్ 5–4తో నెగ్గారు.