పిల్లల చేజారిన చెడుగుడు

చెడుగుడుకు బంతీ అక్కర్లేదు, బ్యాటూ అక్కర్లేదు. కాలి మడమతో నేల మీద అడ్డంగా ఒక గీత గీస్తే చాలు, బరి సిద్ధం. కోతలయ్యాక ఖాళీ అయిన వరిచేలు, ఏటి ఇసుక, గుడి ముందు మైదానం, ఎక్కడైనా ఆడుకోవచ్చు. కూత పెట్టి గీత దాటినవాడు నడుం వంచి, మునికాళ్ల మీద కదులుతూ అవతలివాళ్లను తాకి, ఊపిరి తెగేలోపు వెనక్కి రావాలి. ఈలోగా ఒకడు వాడి చీలమండ దొరకబుచ్చుకుంటే మిగతావాళ్లంతా మీద పడతారు. గుండె, ఊపిరితిత్తులు, తొడలు, పిక్కలు అన్నిటికీ ఒకేసారి పని. పిల్లలకు మాత్రం అది ఆటే.

ఇదే ఆట బెంగాల్లో హడుడు, మహారాష్ట్రలో హుతుతు, తమిళనాట సడుగుడు. ఊరికో పద్ధతిగా సాగిన ఈ ఆటకు 20వ శతాబ్దం తొలి దశకాల్లో మహారాష్ట్ర క్రీడాభిమానులు నియమాలు రాశారు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ వేళ, మహారాష్ట్రలోని అమరావతి నుంచి వెళ్లిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి దీన్ని అక్కడ ప్రదర్శించింది. 1950లో జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో ఈ ఆటకు కబడ్డీ పేరుతో పతకాలిచ్చారు, స్వర్ణం భారత్‌దే. 2010 నుంచి మహిళలకూ ఆ క్రీడల్లో చోటు దక్కింది. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలైంది, తెలుగు టైటాన్స్ జట్టూ వచ్చింది.

ఆటకు పేరొచ్చింది. ఆడుకునే పిల్లలకే చోటు కరువైంది.

ఖాళీ స్థలాలు ప్లాట్లయ్యాయి. వీధులు వాహనాలతో నిండాయి. బడి వదలగానే ట్యూషన్, ఇంటికొస్తే ఫోన్. తిండిలో నూనె, చక్కెర పెరిగిన కాలంలోనే పరుగు తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో 5–19 ఏళ్లవారిలో 39 కోట్ల మందికి పైగా అధిక బరువుతో ఉన్నారు; వారిలో 16 కోట్ల మందిది స్థూలకాయం. 5–17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసే కదలిక ఉండాలని ఆ సంస్థే చెబుతోంది.

ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. ఆ స్థలం ఉన్న చోట కూడా సాయంత్రం గేటుకు తాళం వేస్తే పిల్లలకు ఒరిగేదేముంది? పంచాయతీలు, పురపాలక సంఘాలు బడి వదిలాక మరో గంటసేపు ఆ గేట్లు తెరిపించాలి. అమ్మానాన్నలు కూడా ఆ గంటను ట్యూషన్‌కు ఇవ్వకుండా, ఆడపిల్లలనూ మగపిల్లలనూ ఆటకు పంపాలి.