తాడేపల్లిగూడెము విమానస్థలము

చెన్నపట్టణమునుండి కలకత్తా పోవు రైలుమార్గమున ఏలూరు, నిడదవోలు స్టేషన్ల నడుమ తాడేపల్లిగూడెము కలదు. ఉల్లిపాయలు, బెల్లముల వర్తకమునకు పేరొందిన ఈ పట్టణమునకు యుద్ధవిమానములతో సంబంధమేమని వినువారికి వింత తోపవచ్చును. కాని రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషు ప్రభుత్వమువారు ఇచ్చట నొక విమానస్థలమును నిర్మించిరి.

దీనికి కారణము తెలియవలెనన్నచో 1942వ సంవత్సరపు తొలి నెలలను స్మరింపవలెను. ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు జపానువారి వశమైనది. మార్చి 8వ తేదీన రంగూను పడిపోయినది. ఆ నగరమున రేవులలోను, ధాన్యపు మిల్లులలోను కాయకష్టము చేసి బ్రదుకుచున్న తెలుగువారు వేలకొలది కలరు. వారిలో ననేకులు విశాఖ, గోదావరి జిల్లాలనుండి పోయినవారే. ఓడ దొరకినవారు ఓడలపైనను, దొరకనివారు అరకాను, అస్సాము కొండదారుల కాలినడకనను స్వదేశమునకు బయలుదేరిరి. త్రోవలో రాలిపోయినవారు పెక్కుమంది. మార్చి 23వ తేదీన జపాను సేనలు అండమానునందలి పోర్టుబ్లెయిరున దిగినవి. ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు పడినవి. అంతవరకు వార్తాపత్రికలలో చదువుకొనుచుండిన యుద్ధము సర్కారు జిల్లాల గుమ్మమునకు వచ్చినది. తీరమున ప్రజలు ఇండ్లు విడిచి లోపలి గ్రామములకు తరలిపోసాగిరి. 1933లో తెరువబడిన విశాఖ రేవును, 1941లో అచ్చట ఆరంభమైన నౌకానిర్మాణశాలను కాపాడుకొను భారము ప్రభుత్వముపై బడినది.

బ్రిటిషువారు దేశమందంతటను విమానస్థలములను విరివిగా నిర్మించినది ఆ యుద్ధకాలముననే. గన్నవరమందును, దొనకొండయందును వెలసినవి అట్టివే. తాడేపల్లిగూడెము నెన్నుకొనుటకు ముఖ్యకారణము భూమియే యని తోచుచున్నది. దీనికి దక్షిణమున కాలువలు పారెడి డెల్టా వరిపొలములు. ఉత్తరమున గట్టినేలగల మెట్ట. సముద్రమునకు మరీ దగ్గర కాదు, రైలు చెంతనే యున్నది. బరువైన విమానము దిగుటకు వరిమడి పనికిరాదు గదా!

1945లో యుద్ధము ముగిసినది. అట్టి విమానస్థలములలో ఏది నిలుచునన్నది ఆపై ప్రయాణికులనుబట్టి నిర్ణయమైనది. 1953లో విమానయాన సంస్థలు జాతీయము చేయబడిన తరువాత కూడ విమానములు పెద్ద పట్టణములనే ఆశ్రయించినవి. విజయవాడ చెంతనుండుటచే గన్నవరము బ్రదికి, 2017లో అంతర్జాతీయ విమానాశ్రయ మనిపించుకొన్నది. తూర్పున రాజమహేంద్రవరమునకు మధురపూడి కలదు. ఈ రెంటి నడుమ చిక్కిన తాడేపల్లిగూడెము పాడుపడినది. దీనిని నిర్లక్ష్య మనుటకంటె భౌగోళిక దురదృష్ట మనుట న్యాయము.

విమానములు పోయినను పేరు పోలేదు. ఆ నేలను జనులు నేటికిని విమానాశ్రయ భూములనియే వ్యవహరించుచున్నారు. పెరుగుచున్న పట్టణమున ఖాళీ ప్రభుత్వభూమి యనునది అందరి చూపును ఆకర్షించును. 2014లో రాష్ట్రము విభజింపబడిన పిదప, 2015లో ఆంధ్రప్రదేశమునకు లభించిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఈ పట్టణమున నెలకొన్నది. తొలుత నొక ప్రైవేటు కళాశాలలో తరగతులు నడపి, తరువాత ఈ విమానాశ్రయ భూములలో శాశ్వత భవనములు కట్టుకొన్నది.

2024లో రాష్ట్రప్రభుత్వము నూతన విమానాశ్రయములకై పరిశీలింపదలచిన స్థలములలో కుప్పము, ఒంగోలు మున్నగువానితోపాటు తాడేపల్లిగూడెము పేరును చేర్చినది. అప్పటికి యుద్ధకాలపు భూమిలో కొంత విద్యార్థుల పాలై యుండెను.