హవాయి దారులు, విలీనాల లెక్కలు

2016 ఏప్రిల్ 4న అలాస్కా ఎయిర్‌లైన్స్ వర్జిన్ అమెరికాను 260 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఆ వెంటనే మే, జూన్ నెలల్లో, అమ్ముడుపోతున్న ఆ సంస్థ లాస్ ఏంజెలిస్ నుంచి హోనొలులుకు, మౌయీ దీవికి కొత్త సర్వీసులు మొదలుపెట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఆ రెండు చోట్లకూ 2015 చివర్లోనే విమానాలు వేసింది. ఇవి మామూలు సర్వీసులు కావు. సుమారు 4,000 కిలోమీటర్ల దూరం, దారిలో దిగడానికి గుప్పెడు నేల లేదు. నడి సముద్రం మీద ఒక ఇంజిన్ ఆగిపోయినా రెండో దానితో గంటల తరబడి ఎగిరి తీరం చేరగలదని నిరూపిస్తే తప్ప రెండింజిన్ల విమానానికి ఆ దారిలో అనుమతి రాదు. చేతులు మారబోయే సంస్థ ఇంత శ్రమ, ఖర్చు పడ్డదంటే దీవులకు మంచి రోజులు వచ్చినట్టేనని చాలామంది అనుకున్నారు. 2018 ఏప్రిల్‌కల్లా వర్జిన్ అమెరికా పేరు విమానాశ్రయాల బోర్డుల మీద నుంచి పోయింది. ఆ దారులకోసం తెచ్చుకున్న ఎయిర్‌బస్ రకం విమానాలను కూడా 2023 నాటికి అలాస్కా పూర్తిగా తన సర్వీసుల నుంచి తప్పించింది. విలీనాల వేళ దీవులకు పడే కొత్త దూరపు సర్వీసును దీవులకు దక్కిన ఆస్తిగా లెక్కగట్టకూడదని నేను అనేది ఇందుకే. విమానం ఎటు తిరగాలో చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉందో చూస్తేనే అసలు లెక్క తేలుతుంది. హవాయి తొంభై ఏళ్లు దాటిన విమాన చరిత్ర పొడుగునా ఇది కనిపిస్తుంది.

పసిఫిక్ మీద దూరపు విమానాలు మొదట్లో హవాయి కోసం ఎగరలేదు. 1935 నవంబర్ 22న కాలిఫోర్నియాలోని అలమీడా నుంచి పాన్ అమెరికన్ వారి చైనా క్లిప్పర్ టపా మూటలతో బయల్దేరి హోనొలులు, మిడ్‌వే, వేక్, గువామ్ మీదుగా 29న మనీలా చేరింది. ఆ నీటి విమానం ఒక్క ఊపులో అంత దూరం పోలేదు కాబట్టే దీవులు అవసరమయ్యాయి. మిడ్‌వే, వేక్ లాంటి చిన్న దిబ్బల మీద సైతం పాన్ అమెరికన్ హోటళ్లు కట్టింది. ఇంజిన్ల సత్తా పెరిగేకొద్దీ ఆ మజిలీలతో పని తీరిపోయింది. ఇవాళ వేక్‌కూ మిడ్‌వేకూ టికెట్టు కొనుక్కుని ఎక్కే విమానమే లేదు. హోనొలులు నిలబడిందంటే దానికి సొంతంగా జనం, సైనిక స్థావరం, పర్యాటకం ఉన్నాయి గనుక. అయినా పెద్ద జెట్‌లు ఆగకుండా ఆసియాకు పోవడం మొదలయ్యాక అదీ దారిలో ఊరుగా తన విలువ చాలావరకు పోగొట్టుకుంది. 1985లో పాన్ అమెరికన్ తన పసిఫిక్ దారులను 75 కోట్ల డాలర్లకు యునైటెడ్‌కు అమ్మేసింది. ఏభై ఏళ్ల పాటు దీవులను ఆసియాతో కలిపిన దారులు రెండు ప్రధాన భూభాగపు సంస్థల మధ్య ఒప్పందంతో చేతులు మారాయి.

దీవుల సొంత విమానాల కథ వేరు. ఇంటర్-ఐలాండ్ స్టీమ్ నావిగేషన్ అనే ఓడల కంపెనీకి చెందిన స్టాన్లీ కెన్నెడీ 1929లో ఇంటర్-ఐలాండ్ ఎయిర్‌వేస్ స్థాపించాడు. ఆ ఏడాది నవంబర్ 11న నేల మీదా నీటి మీదా దిగగల సికోర్‌స్కీ విమానం హోనొలులు నుంచి మౌయీ మీదుగా హీలోకు ఎగిరింది. 1941లో ఆ సంస్థే హవాయియన్ ఎయిర్‌లైన్స్ అయింది. దానికి పోటీగా 1946లో మొదలైన సంస్థ తర్వాత అలోహా పేరుతో స్థిరపడింది. ఈ దీవుల మధ్య వంతెనల్లేవు, రైళ్లు లేవు. 2007లో మొదలైన సూపర్‌ఫెర్రీ ఓడ కోర్టు తీర్పుతో 2009లో ఆగిపోయింది. మొలొకాయి, లానాయి దీవుల్లో ఉన్నవాళ్లు పెద్ద డాక్టరుకు చూపించుకోవాలంటే తరచూ హోనొలులు విమానం ఎక్కాల్సి వస్తుంది. మనకు పల్లెవెలుగు బస్సు ఎంతో వాళ్లకు ఆ చిన్న విమానం అంత.

హవాయియన్ 1985లో లాస్ ఏంజెలిస్‌కు పెద్ద విమానాలు వేసి తొలిసారి దూరపు దారుల్లోకి వచ్చింది. ఆపైన న్యూయార్క్, టోక్యో, సియోల్, దక్షిణ పసిఫిక్ దాకా విస్తరించింది. 1993లో ఒకసారి, 2003లో మరోసారి దివాలా రక్షణ కోరినా నిలబడింది. ఈ కాలమంతా ఏ విమానం ఎక్కడికి అన్నది హోనొలులులోనే తేలేది. లాభం లేకపోతే దారులు మూసేసేవారు, అందులో జాలి ఏమీ లేదు. కాకపోతే ఏ దారి తెరిచినా దాదాపు ఎప్పుడూ దాని ఒక కొస హవాయిలోనే ఉండేది.

2023 డిసెంబర్‌లో అలాస్కా షేరుకు 18 డాలర్ల చొప్పున, అప్పులతో కలిపి 190 కోట్ల డాలర్లకు హవాయియన్‌ను కొనడానికి ఒప్పందం చేసుకుంది. 2024 సెప్టెంబర్ 18న కొనుగోలు పూర్తయింది. మూడు నెలలు తిరక్కముందే, హవాయియన్ వారి పెద్ద విమానాలతో, అలాస్కా కేంద్రమైన సియాటిల్ నుంచి టోక్యోకు, సియోల్‌కు సర్వీసులు వేస్తామని ప్రకటన వచ్చింది. టోక్యో సర్వీసు 2025 మేలో, సియోల్ సర్వీసు సెప్టెంబర్‌లో మొదలయ్యాయి. 2011 నుంచి నడుస్తున్న హోనొలులు-సియోల్ సర్వీసు ఆ నవంబర్‌లో ఆగిపోయింది. సియోల్ సర్వీసుల ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తోక మీద హవాయి స్త్రీ బొమ్మ అలాగే ఉంది, సంస్థ పేరూ ఉంది. కానీ ఇప్పుడు ఆ విమానం హవాయిని తాకకుండా పసిఫిక్ దాటుతోంది. హవాయియన్ ఆర్డరిచ్చిన బోయింగ్ 787లను కూడా సియాటిల్ కేంద్రంగా రోమ్, లండన్ లాంటి యూరప్ నగరాలకు కేటాయించారు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది: విలీనం లేకపోతే హవాయియనే ఉండేది కాదు కదా? 2001 చివర్లో హవాయియన్, అలోహా కలవాలని ఒప్పందం రాసుకున్నాయి. మరుసటి మార్చిలో అది చెడింది. విడివిడిగా మిగిలిన వాటిలో అలోహా 2008 మార్చి 31న ప్రయాణికుల సర్వీసులు ఆపేసింది, సుమారు 1,900 మంది ఉద్యోగాలు పోయాయి. హవాయియన్ పరిస్థితీ 2019లో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ దీవుల మధ్య అడుగుపెట్టాక దిగజారింది. ఆపైన కోవిడ్, ఇంజిన్ల లోపంతో నేలకు దిగిన విమానాలు, 2023 ఆగస్టులో మౌయీ కార్చిచ్చు. ఆ ఒక్క ఏడాదే నష్టం 26 కోట్ల డాలర్లు. ఈ వాదన నిజమని ఒప్పుకుంటాను. విలీనం వద్దని నేను అనను. అయితే ప్రాణం కాపాడినందుకు కృతజ్ఞత వేరు, అధికారం ఎటు పోయిందో చూడకపోవడం వేరు.

రెండో అభ్యంతరం గిరాకీది. హోనొలులు-సియోల్ దారిలో కొరియా సంస్థల పోటీ ఉంది, సీట్లు నిండలేదు, వ్యాపారి నష్టానికి ఎందుకు నడపాలి? నడపనక్కర్లేదు. కానీ అదే లెక్క రేపు అమెరికన్ సమోవాలోని పాగోపాగోకు వర్తిస్తే? అమెరికన్ సమోవాను అమెరికాలోని మిగతా ప్రాంతాలతో కలిపే విమానం హోనొలులు నుంచి మామూలుగా వారానికి రెండుసార్లు వెళ్లే హవాయియన్ ఒక్కటే. సియాటిల్ దగ్గర కూర్చుని లాభనష్టాలు బేరీజు వేసేవారికి ఆ దారి పట్టికలో ఒక వరుస మాత్రమే. ఇకపోతే హవాయిలో అయిదేళ్లలో 60 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి పెడతామని అలాస్కా చెప్పింది. మంచిదే. టెర్మినళ్లు బాగుపడతాయి, పాత విమానాల లోపలి హంగులు మారతాయి. ఏ దారి ఉంటుందో, ఏది పోతుందో చెప్పే అధికారం మాత్రం ఆ డబ్బుతో హోనొలులుకు తిరిగి రాదు.

కొనుగోలుకు ఒప్పుకునే ముందు అమెరికా రవాణా శాఖ కొన్ని షరతులు పెట్టింది. దీవుల మధ్య ప్రయాణికుల, సరుకుల సర్వీసులను తగిన స్థాయిలో కొనసాగించాలి, మారుమూల ఊళ్ల విమానాలకు తోడ్పాటు ఆపకూడదు, ప్రయాణికులు కూడబెట్టుకున్న మైళ్ల విలువ పోకూడదు. విలీనం మొత్తంలో దీవుల మనుషుల కోసం రాసిన పంక్తులంటూ ఉంటే అవే. కొత్త నగరాల పేర్లు లెక్కబెట్టడం మాని హవాయి చట్టసభ, ప్రజలు ఈ షరతులనే శాశ్వత చట్టంగా మార్చమని అడగాలి. వాటి గడువు ఆరేళ్లు, అది 2030 సెప్టెంబర్‌లో ముగుస్తుంది.