వేషం కట్టేదెవరు, కట్టించేదెవరు

అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చారు గానీ, ఊళ్లో మిడిల్ పాయింట్ మిడిల్ పాయింట్‌గానే ఉంది. అక్కడి ఆంత్రోపొలాజికల్ మ్యూజియంలో జారవాలు, ఓంగేలు, సెంటినలీస్, నికోబారీల పనిముట్లు, గుడిసెల నమూనాలు, ఫొటోలు అద్దాల వెనక వరసగా కనిపిస్తాయి. ఊరికి వచ్చిన పర్యాటకులు సాయంత్రం తప్పకుండా వెళ్లేది సెల్యులర్ జైలు సౌండ్ అండ్ లైట్ షోకి. ఏళ్ల తరబడి అందులో కథ చెప్పింది ఓం పురి గొంతుతో మాట్లాడే రావిచెట్టు. అంటే ఈ ఊరి రెండు పెద్ద ప్రదర్శనల్లో ఒకదానిలో నటుడి ముఖమే లేదు, రెండోదానిలో ఉన్న ముఖాలు నటులవి కావు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం దాకా ఉన్నారు. వేషానికి పేరుపడ్డ జాతి ఇంతమంది ఉన్నచోట పాత్రలు వేషం కట్టి తిరిగే వినోదవనం లేదు. థీమ్ పార్కులో పాత్రధారులను ఎలా ఎంచుతారో, ఆ ఎంపిక ఎక్కడినుంచి పుట్టిందో ఆలోచించడానికి అలాంటి పార్కు ఉన్న ఊరికన్నా ఇదే మంచి చోటని నా అభిప్రాయం. ఎంపిక అనేదే లేకుండా మనుషుల్ని పాత్రలుగా మార్చిన చరిత్ర ఇక్కడ ఉంది మరి.

1858లో ఇక్కడ ఖైదీల వలస స్థాపించే ముందు, డాక్టర్ మౌట్ నాయకత్వంలో వచ్చిన పరిశీలక బృందం ఒక అండమానీయుణ్ని పట్టుకుని కలకత్తా తీసుకెళ్లింది. అతనికి జాక్ అని పేరు పెట్టారు, నావికుడి దుస్తులు తొడిగారు, ఫొటో తీయించారు. చూడటానికి జనం ఎగబడ్డారు. జబ్బుపడితే మళ్లీ దీవిలో దింపి వెళ్లారు. పేరు, దుస్తులు, ఫొటో, గుంపు: ఇవాళ పార్కులో ఒక పాత్రకు కావలసినవన్నీ అక్కడ ఉన్నాయి, ఆ మనిషి ఒప్పుకోలు తప్ప. 1870లలో హాంబర్గ్ జంతువుల వ్యాపారి కార్ల్ హాగెన్‌బెక్ ఉత్తర ఐరోపాలోని సామీలను వాళ్ల రెయిన్‌డీర్లతో సహా తెచ్చి టికెట్టు పెట్టి చూపించాడు. 1886లో లండన్‌లో జరిగిన వలసరాజ్యాల ప్రదర్శనలో ‘భారతీయ చేతివృత్తులవాళ్లు’గా కూర్చోబెట్టిన వాళ్లలో చాలామంది ఆగ్రా జైలు నుంచి వచ్చారు. ఇదంతా పాత కాలపు సంగతని తీసిపారేయడానికి లేదు. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద పర్యాటకుల ముందు జారవా ఆడపిల్లలతో నాట్యం చేయించిన వీడియోను బ్రిటిష్ పత్రిక ది అబ్జర్వర్ 2012 జనవరిలో బయటపెట్టింది. ఏడాది తర్వాత సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొన్ని వారాలు పర్యాటక వాహనాలను ఆపాల్సి వచ్చింది.

పాత్రధారి ఎంపిక చరిత్రను సాధారణంగా ప్రతిభ చరిత్రగా చెబుతారు. నేను దాన్ని ‘నేను కడతాను’ అని అడగగలగడం, ‘ఇక కట్టను’ అనగలగడం అనే రెండు హక్కుల చరిత్రగా చూస్తాను. ఆ దృష్టితో చూస్తే మన తెలుగు దేశపు వేషాల కథ కొత్తగా కనిపిస్తుంది. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు ఎవరైనా మొక్కు తీర్చుకోవడానికి ఆడవేషం కట్టుకోవచ్చు. కానీ గంగమ్మే దొరగా, మాతంగిగా రకరకాల రూపాల్లో పాలెగాణ్ని వెతుకుతూ ఊరు తిరిగే ఆ అసలు వేషాలు కైకాల వంశీకులవి. అది వాళ్ల మిరాశీ. దానికి పోటీ ఉండదు, పరీక్ష ఉండదు. కూచిపూడిలోనూ అంతే. ఊళ్లోని బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం వేయాలని సిద్ధేంద్ర యోగి మాట తీసుకున్నాడని సంప్రదాయం చెబుతుంది. మిరాశీ ఉన్నచోట అడిగే అవసరం లేదు నిజమే, అయితే కాదనే వీలూ తక్కువే. వేషం అక్కడ గౌరవం, అప్పు కూడా.

పుట్టుకే అర్హత అయిన చోట పరీక్ష లేదని మాత్రం అనుకోకూడదు. పగటి వేషగాళ్లకు బజారే పరీక్ష. వాళ్లకు రంగస్థలం లేదు, తెర లేదు, రాత్రి చీకటి కప్పిపుచ్చే సౌకర్యం లేదు. మిట్టమధ్యాహ్నం, మూడడుగుల దూరంలో, ఎప్పుడైనా చేయి చాచి తాకగల ప్రేక్షకుడి ముందు ఫకీరుగానో, బైరాగిగానో, సోమయాజిగానో నిలబడాలి. అర్ధనారీశ్వర వేషం చూడండి. ఒక చెంప నున్నగా, కాటుక, ముక్కెర, చీర అంచు. రెండో చెంప మీసం, విభూతి, పులితోలు. చేతిలోని గుడ్డను ముఖానికి నిలువుగా అడ్డం పెట్టి ఒక పక్కే చూపిస్తూ పార్వతిగా మాట్లాడి, గుడ్డ అటు జరిపిన మరుక్షణం శివుడి గొంతు అందుకోవాలి. గుడ్డ ఒక్క వేలెడు తప్పిందా, రసం విరిగిపోతుంది. వేషగాడు గడప ముందు నిలబడి పొగిడించుకోవడం కన్నా, ఇంటి ఇల్లాలు అతన్ని నిజమైన బైరాగే అనుకుని బియ్యం తెచ్చి పోయడం పెద్ద మార్కు. మేళం పెద్ద ఎవరికి ఏ వేషం అప్పగించాలో ఎత్తూ గొంతూ కళ్లూ చూసే చెప్పేవాడు. వంశం తలుపు తీసేది. లోపల ఎవరు ఏ మూల నిలబడాలో కొలతే తేల్చేది.

వేషానికి ఎంత దమ్ముండేదో మాచుపల్లి కైఫీయత్తు అనే స్థానిక చరిత్ర చెబుతుంది. సిద్ధవటం ప్రాంతపు పాలకుడు సంబెట గురవరాజు పన్నుల కోసం ఆడవాళ్లను హింసించేవాడట. కూచిపూడి భాగవతులు విజయనగరంలో వీరనరసింహరాయల ముందు ఆ దృశ్యాన్నే వేషం కట్టి చూపితే, రాయలు సైన్యం పంపి గురవరాజును శిక్షించాడట. బతికున్న అధికారి వేషం రాజసభలో కట్టడానికి ఆ మేళంలో ఎవరు ముందుకొచ్చారో కైఫీయత్తు రాసి ఉంటే బాగుండేది. ఎంపిక గురించి మన చరిత్రలో ఉన్న లోటే అది: ప్రదర్శన గుర్తుంటుంది, ‘నేను వేస్తా’ అన్న క్షణం గుర్తుండదు.

ఆ క్షణం మనకు స్పష్టంగా దొరికేది ఆధునిక నాటకంలో. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’ ఆడించినప్పుడు, తరాలుగా తోలుబొమ్మలు ఆడించిన కుటుంబం బొమ్మల్ని పక్కనపెట్టి తామే పాత్రలుగా నిలబడింది. ఆడవేషాలకు ఇంటి ఆడవాళ్లే దిగారు. నాటి నాటకరంగంలో అది సాహసం. అయినా సురభిలో ఎంపిక ఇంటి గడప దాటలేదు. ఉయ్యాలలో పిల్లకు కూడా వేషం సిద్ధంగా ఉండేది. దానికి పూర్తిగా ఎదురు కథ స్థానం నరసింహారావుది. 1920లో బాపట్లలో ‘హరిశ్చంద్ర’ నాటకానికి చంద్రమతి వేషధారి రాలేదు. ఆ ఖాళీలోకి స్థానం వచ్చాడు. మిరాశీ లేదు, మేళం లేదు, ఒక రాత్రి అవసరం తప్ప. అదే మన తొలి ఆడిషన్ అంటే అతిశయోక్తే, కానీ దాని లక్షణాలన్నీ అందులో ఉన్నాయి: ఖాళీ, అడగడం, ఒప్పుకోవడం, చేసి చూపించడం. ఆ చంద్రమతి దారిలోనే సత్యభామ, చింతామణి, చివరికి 1956లో పద్మశ్రీ వచ్చాయి.

ఇక వినోదవనం సంగతి. 1955 జులై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తలుపులు తెరిచినప్పుడు పాత్రల దుస్తులు సొంతంగా సరిగా లేవు. ఐస్ కాపేడ్స్ అనే స్కేటింగ్ ప్రదర్శన కంపెనీవి అరువు తెచ్చుకున్నారు. మంచు మీద జారడానికి కుట్టిన ఆ దుస్తులు నేల మీద పిల్లల మధ్య నడిస్తే వికారంగానే కనిపించాయి. తర్వాతే బొమ్మకు తగిన సూటు, సూటుకు తగిన మనిషి అనే పద్ధతి స్థిరపడింది. నాకు ఇందులో గొప్పగా తోచేది దిశ తారుమారు కావడం. సురభివాళ్లు బొమ్మలోంచి బయటికొచ్చి మనుషులుగా నిలబడితే, పార్కు మనిషిని మళ్లీ బొమ్మ లోపలికి పంపింది. అందుకే అక్కడి ఎంపిక గోడ మీది కొలబద్దతో మొదలవుతుంది. మిక్కీకి ఐదడుగులకు అటూఇటూ ఉన్నవాళ్లు కావాలి, గూఫీకి ఆరడుగులు దాటాలి. ఆ చిన్న ఎత్తువాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ కాబట్టి మిక్కీ లోపల ఉండేది చాలాసార్లు ఆడమనిషే. కూచిపూడి సత్యభామకు ఇది సరిగ్గా తిరగేసిన బొమ్మ.

కొలత దాటాక అడిగేది ఒళ్లు మాట్లాడటం. మాట లేకుండా పళ్లు తోముకుని చూపించమంటారు, వంట చేసి చూపించమంటారు. ముఖం కప్పేసే సూటులో నవ్వు కనిపించదు గనక నవ్వు భుజంలోకి, మోకాలిలోకి రావాలి. ఎంపికయ్యాక మరో చదువు ఉంటుంది: మిక్కీ సంతకం. ఏ రోజు ఎవరు లోపల ఉన్నా పిల్లవాడి పుస్తకంలో పడే సంతకం ఒకేలా ఉండాలి. రాకుమార్తెల్లా ముఖం కనిపించే పాత్రలకు కష్టం వేరే రకంది: జనం మనసులో ముందే ఉన్న ముఖానికి దగ్గరగా ఉండాలి. ఈ బాధ తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. 1957లో ‘మాయాబజార్’ వచ్చాక ఈ నేల మీద కృష్ణవేషం కట్టిన ప్రతివాడినీ ఎన్టీ రామారావుతో పోల్చడం ఆగలేదు. అంతకుముందు ఊరికొక కృష్ణుడు ఉండేవాడు. సినిమా ఒకే ముఖాన్ని ఖాయం చేసి, మిగతావాళ్లను దానికి నకళ్లుగా మార్చింది. 1996లో హైదరాబాద్ శివార్లలో రామోజీ ఫిల్మ్ సిటీ, 2016లో రావిర్యాలలో వండర్‌లా వచ్చినప్పటికి చూసే కన్ను అలా తయారై ఉంది. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో మిక్కీ, ఛోటా భీమ్ సూట్లు వేసుకునే కుర్రాళ్లకైతే పళ్లు తోమి చూపించే పరీక్ష కూడా లేదు. సూటుకు మనిషి సరిపోతే చాలు.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం కళాభిమానులది: పగటి వేషం విద్య, పార్కు సూటు ఉద్యోగం, రెంటినీ ఒకచోట కట్టడమేమిటని. పద్యం, చమత్కారం, యాస, లోకజ్ఞానం పగటి వేషంలో ఉన్నాయి, సూటులో లేవు. ఆ మాట ఒప్పుకోవలసిందే. అయితే రెంటికీ ఉమ్మడిగా ఉన్న పని చిన్నదేం కాదు. వేదిక రక్షణ లేకుండా, రాసిచ్చిన మాట లేకుండా, ఎదుటివాడు ఏం చేస్తాడో తెలియని స్థితిలో పాత్ర జారిపోకుండా నిలబెట్టడం. రంగస్థల నటులు చాలామంది ఈ ఒక్క పనిలోనే తడబడతారు. రెండో అభ్యంతరం న్యాయానికి సంబంధించింది: ఎత్తు చూసి, ముఖం చూసి మనిషిని తిప్పి పంపడం కులం చూసి పంపడం కన్నా ఏం మెరుగు? పుట్టుకతో వచ్చిన ఒళ్లూ పుట్టుకేగా అంటారు. ఇందులో బలం ఉంది. కానీ ఒక తేడా ఉంది. మిక్కీకి సరిపోని ఒళ్లు గూఫీకి సరిపోవచ్చు, ఏడాది తర్వాత మళ్లీ వచ్చి అడగవచ్చు. కైకాల ఇంట్లో పుట్టనివాడు దొరవేషం అడగడానికి వరసే లేదు. తిరస్కారం ఎదురయ్యే చోట కనీసం అర్జీ ఉన్నట్టు.

గట్టి అభ్యంతరం మూడోది. కడుపు కోసం ఒప్పుకున్నదాన్ని ఒప్పుకోలు అనవచ్చా అన్నది. ఆకలితో బైరాగి వేషం కట్టినవాడికీ, అద్దె కట్టడానికి బొచ్చు సూటు తొడిగినవాడికీ వద్దనే హక్కు కాగితం మీదిదే కదా. నిజమే, ఆడిషన్ ఒక్కటే ఆ హక్కును ఇవ్వదు. లోపలికి వెళ్లాక కూడగట్టుకోవాలి. ఫ్లోరిడాలో డిస్నీ పాత్రధారులు సూటు కింద వేసుకునే లోదుస్తులు అందరికీ కలిపి ఉతికి పంచేవాళ్లు. ఒకరివి ఒకరు వేసుకోవాల్సి రావడం మీద యూనియన్ బేరమాడితే, 2001లో గానీ ఎవరివి వాళ్లకు దక్కలేదు. కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో దాదాపు 1,700 మంది పాత్రధారులూ కవాతు కళాకారులూ 2024 మేలో నటుల సంఘం యాక్టర్స్ ఈక్విటీలో చేరడానికి 953 ఓట్లతో తీర్మానించారు, వద్దన్నవి 258. వేషం విప్పాక ఒంటిమీద ఏముంటుందో తేల్చుకోవడానికి కూడా ఒక సంఘం కావలసి వచ్చిందన్నమాట.

మన వేషగాళ్లకు బేరమాడటానికి యజమానే లేడు. పైగా చట్టం వాళ్లను చూసిన తీరు వేరు. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం పాట, ఆట, జోస్యం, ప్రదర్శన వంటి ‘నెపం’తో దానం అడగడాన్ని కూడా అడుక్కోవడం కిందే లెక్కగట్టింది. ఢిల్లీకి వర్తింపజేసిన ఆ చట్టంలోని శిక్షలను 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. చేతికొచ్చేది రెండు చోట్లా డబ్బే. పార్కు గేటు లోపల దాన్ని జీతమంటారు, పాత్రధారికి గుర్తింపు కార్డు ఉంటుంది. అదే మనిషి శక్తి వేషంలో బజారున పడి నాలుగు గడపలు తొక్కితే ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘ఏ కంపెనీ?’ అని ఉండదు.