మణికొండ: ఒక గ్రామము, రెండు పేర్లు



చరిత్ర యనగానే మనకు రాజులును, కోటలును, యుద్ధములును స్ఫురించును. పల్లెటూరికి చరిత్ర యేమున్నదని పలువురు తలంతురు. నేడు నేను హైదరాబాదునకు పడమటి వైపున, గోలకొండ కోటకు రెండు క్రోసుల లోపున నున్న మణికొండను గూర్చి మీతో ముచ్చటింపదలచితిని.

ఇంగ్లండు దేశమున 1538వ సంవత్సరమున ఒక యాజ్ఞ వెలువడెను. ప్రతి చర్చి యందును ఆ యూరివారి బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనలు ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెనని దాని సారాంశము. ఆ పుస్తకములు నిలిచియున్న పల్లెలలో నాలుగువందల యేండ్ల నాటి కూలివాని పేరు సైతము నేడు వెదకి తీయవచ్చును. మన పల్లెల కట్టి పుస్తకము లేదు. మనకున్నది భూమి లెక్క. ఆ లెక్కలో శిస్తు పుచ్చుకొనువాని పేరు తప్పక యుండును. నాగలి పట్టినవాని పేరు కానవచ్చుట యరుదు. మణికొండ చరిత్ర చదువబూనిన నాకు మొదట తట్టిన లోటిదియే.

ఊరి పేరు అచ్చముగా మన నోటికి పట్టిన పేరు. అచ్చటి గుండ్లు ఇన్నూటయేబది కోట్ల సంవత్సరముల వయసు గల నల్లసేనపు రాతివని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ గుండ్ల నడుమ నుండు పల్లపు నేలలలోనే సేద్యము సాగెను. గోలకొండ రాజధానియైన పిమ్మట చుట్టుపట్ల పల్లెల భాగ్యము కోట భాగ్యముతో ముడివడెను. ఇబ్రహీం కుతుబ్ షా కాలమున, అనగా 1550 మొదలు 1580 వరకు, హుసేన్ షా వలీ యను మహనీయు డచట నివసించెను. 1562 ప్రాంతమున హుసేన్ సాగరము కట్టించిన వాడాయనయే. చెరువున కాయన పేరే నిలిచినది. ఆయన దర్గా మణికొండ పేరుతోనే ప్రసిద్ధమై యున్నది. ఇరుగున నున్న నెక్నాంపూరు కుతుబ్ షాహీల సేనాని నేక్నాం ఖాను పేరును తలపించును. 1687వ సంవత్సరమున ఔరంగజేబు ఎనిమిది మాసములు కోటను ముట్టడించి పట్టుకొనెను. ఆ ముట్టడిని గూర్చి గ్రంథములు కలవు. ఆ ఎనిమిది మాసములలో చుట్టుపట్ల పల్లెల గడ్డివాములును, ధాన్యపు గాదెలును ఏమైనవో ఆ గ్రంథములు పట్టించుకొనలేదు.

1724 తరువాత ఆసఫ్ జాహీల యేలుబడి వచ్చెను. నేను చెప్పదలచిన రెండు పేర్ల కథ ఇచటనే యున్నది. రెవెన్యూ లెక్కలలో మణికొండ యొకటి కాదు, రెండు: మణికొండ ఖాల్సా, మణికొండ జాగీరు. ఖాల్సా యనగా శిస్తు నేరుగా సర్కారు బొక్కసమునకు చేరు భూమి. జాగీరనగా ఆ శిస్తు ననుభవించు హక్కును ప్రభువు మరియొకరికి ధారపోసిన భూమి. కొలువు చేసినందుకో, ధర్మకార్యము నిర్వహించుటకో జాగీరు లిచ్చుచుండిరి. నైజాము రాజ్యమున రమారమి పదింట నాలుగు పాళ్లు ఈ జాగీరులును, నైజాము సొంత ఖర్చులకు విడిచిన సర్ఫెఖాసు భూములును ఆక్రమించి యుండెను.

నేల యొకటే, వాన యొకటే. గట్టున కీవల నున్న రైతు సర్కారువారి రైతు; గట్టున కావల నున్నవాడు జాగీరుదారుని రైతు. 1865 మొదలుగా సాలార్ జంగు జిల్లాల నేర్పరచి, శిస్తు పద్ధతి చక్కదిద్ద నారంభించెను. ఆ మేలు ముందుగా ఖాల్సా భూములకు దక్కెను. జాగీరులలో ఆ సంస్కరణము సమముగా నడువలేదు. వెట్టిచాకిరి బాధయు తెలంగాణమున నెల్లెడల నుండెను.

1908వ సంవత్సరము సెప్టెంబరు మాసమున మూసీనది పొంగి నగరమును ముంచెను. దాని ఫలితముగా ఎగువను గండిపేట వద్ద ఉస్మాన్ సాగరమును 1920లో పూర్తిచేసిరి. అచటి నీరు రాతి కాలువ గుండా ఈ పల్లెల దారినే ఆసిఫ్ నగరమునకు ప్రవహించెను. పల్లె భూమి నగరమునకు తోవ యగుట కదియే తొలి మెట్టని నాకు తోచును.

1948 సెప్టెంబరులో నైజాము రాజ్యము భారతదేశమున చేరెను. 1949 ఆగస్టు 15వ తేదీన జాగీరుల రద్దు శాసనము పుట్టెను. 1950లో కౌలుదారులకు రక్షణ నిచ్చు చట్టము వచ్చెను. 1954-55లో ఖాస్రా పహాణీ యను లెక్క తయారయ్యెను. అందు పట్టాదారుని పేరుతోబాటు, భూమి నెవరు దున్నుచున్నారో తెలుపు గడియు నుండెను. ఆ చిన్న గడిని చూచినప్పుడు నా మనస్సు ద్రవించెను. తరతరములుగా పేరులేక చెమటోడ్చినవాడు ఆనాడు సర్కారు పుస్తకమున నడుగు పెట్టెను. ఇంగ్లండులో కూలివానికి 1538లో దక్కిన పాటి గుర్తింపు మన రైతున కంత ఆలస్యముగా దక్కినది.

కాని జాగీరు మాట అంతటితో నణగిపోలేదు. 1998లో మాదాపూరున సైబర్ టవర్లు వెలసెను. పిమ్మట మణికొండ గుండ్లు పగిలి, వాని చోట మేడలు లేచెను. 2018లో మణికొండ పురపాలక సంఘమయ్యెను. ఎకరముల లెక్క గజముల లెక్కగా మారినకొలది పాత కాగితముల విలువ పెరిగెను. హుసేన్ షా వలీ దర్గాకు చెందినదిగా 1989లో వక్ఫు బోర్డు ప్రకటించినది 5,506 చదరపు గజములు. 2006లో ఆ ప్రకటనను సవరించి 1,654 ఎకరముల 32 గుంటలుగా చూపిరి. వ్యాజ్యము సుప్రీము కోర్టు వరకు నడిచి, 2022 ఫిబ్రవరి 7వ తేదీన ఆ భూమి ప్రభుత్వమునకే చెందునని తీర్పు వచ్చెను. ఆ న్యాయస్థానమున విచారించినది జాగీరు దినముల నాటి దానములును, 1949 నాటి రద్దు శాసనమును! గాజుమేడల యూరి భవిష్యత్తును పాత పారసీ మాటల యర్థమే నిర్ణయింపవలసి వచ్చెను.

ఎవరిది న్యాయమని నేను ఇచట తర్కింపను. నా విచారము వేరొకటి. ఆ 1,654 ఎకరములను గూర్చి వాదించిన పక్షములు రెండు: ప్రభుత్వము, దర్గా పక్షము వారు. అందు జొన్నలు విత్తినవారిని, గొర్రెలు తోలినవారిని, గుండ్లు కొట్టినవారిని గూర్చి చెప్పువా రెవరు? వారి మనుమలు నేడు ఆ మేడల నీడలలోనే యున్నారు.

కావున శ్రోతలారా, మీదే యూరైనను, అచటి వృద్ధులను కూర్చుండబెట్టి అడుగుడు. ఏ చేను నెవరు దున్నిరి, ఏ బావి నెవరు త్రవ్విరి, ఏ చెట్టు క్రింద పంచాయతి జరిగెను అని ఒక పుస్తకమున వ్రాయుడు. జాగీరుదారుని పేరు దఫ్తరము కాపాడినది. రైతు పేరు కాపాడవలసినవారము మనమే.