పాముకాటు మందు నుంచి చర్మం కింది సూది వరకు

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక మందుల చరిత్ర గురించి నాలుగు మాటలు రాయమని సంఘ మిత్రులు కోరారు. మన పెన్షనర్లలో కొందరు ఎముకల బలహీనతకు ఆరు నెలలకొకసారి డెనోసుమాబ్ ఇంజక్షన్ చేయించుకుంటున్నారు. కీళ్లవాతానికి పదిహేను రోజులకొకసారి అడాలిముమాబ్ వేయించుకునే వారూ ఉన్నారు. ఈ రెండూ చర్మం కింద వేసే యాంటీబాడీ మందులే. వీటి పూర్వీకుణ్ణి మనమందరం ఎరుగుదుము. అదే పాముకాటు మందు.

ఒంట్లోకి చొరబడిన విషాన్నో, క్రిమినో పట్టుకొని అణచే ప్రోటీనే యాంటీబాడీ. 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో అనే శాస్త్రజ్ఞులు రోగాన్ని తట్టుకున్న జంతువు రక్తరసంతో మరొక జీవిని కాపాడవచ్చునని నిరూపించారు. 1895 నాటికి ఫ్రాన్సులో కాల్మెట్ ఇదే పద్ధతిలో పాము విషానికి విరుగుడు తయారుచేశాడు. గుర్రానికి విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించి, దాని రక్తరసం నుంచి మందు తీసే పద్ధతి నేటికీ సాగుతున్నది.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన సీమలో, రాత్రి కరెంటు వచ్చినప్పుడు బోరు నీళ్లు కట్టడానికి వేరుశనగ చేలకు వెళ్లే రైతుకు ఈ మందు ప్రాణభిక్ష. అయితే ద్రవరూపంలో ఉన్న మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఎండ 40 డిగ్రీలు దాటే చోట, కరెంటు నిలకడలేని ఆసుపత్రుల్లో అది సాధ్యమా? అందుకే మందును గడ్డకట్టించి, గాలి తీసేసిన పాత్రలో నీటినంతా లాగి పొడిగా మార్చారు. ఆ పొడి ఫ్రిజ్ లేకపోయినా నీడపట్టున నిలిచింది. ఒక్కొక్క సీసాలో 10 మిల్లీలీటర్ల నీరు పోసి కరిగించాలి. కుదిపితే నురుగు వస్తుంది. బయట బంధువులు ఏడుస్తున్నా సరే, సీసాను అరచేతుల మధ్య నిదానంగా తిప్పవలసిందే. మొదటి విడతకే పది సీసాలు కావలసి వచ్చేవి. ఆ నిమిషాలు ఎంత పొడుగ్గా ఉండేవో డ్యూటీ చేసినవారికి తెలుసు.

1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ ఒకే రకం యాంటీబాడీని కణాల ద్వారా కావలసినంత తయారుచేసే మార్గం కనిపెట్టారు. 1984లో వారికి నోబెల్ బహుమతి లభించింది. 2007లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ రిటుక్సిమాబ్ మందును ‘రెడిటక్స్’ పేరుతో విడుదల చేయడం మన తెలుగువారికి గర్వకారణం. కానీ అది మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు. సెలైన్‌లో కలిపి గంటల తరబడి నరానికి ఎక్కించాలి. కర్నూలుకో బెంగళూరుకో వెళ్లే రోగికి, వెంట వెళ్లే మనిషికి కూలి పోతుంది, చార్జీలు అదనం.

ఇన్సులిన్ లాగా చర్మం కింద వేస్తే పోదా అంటే, అక్కడ సాధారణంగా పట్టేది ఒకటి రెండు మిల్లీలీటర్లే. పైగా యాంటీబాడీ అణువు ఇన్సులిన్ అణువుకు సుమారు పాతిక రెట్లు బరువు. మోతాదు వందల మిల్లీగ్రాములు. కనుక నీరు తగ్గించి మందును చిక్కబరచాలి. బెల్లం పాకం కాచిన వారికి ఇక్కడి చిక్కు తెలుసు. కొంతవరకు పలుచగానే ఉండి, ఆపైన ఉన్నట్టుండి తీగ సాగుతుంది. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములంటే కోడిగుడ్డు తెల్లసొనలో ఉన్నంత ప్రోటీన్. సన్నసూదిలోంచి దిగడమే కష్టం. అణువులు ఒకదానికొకటి అంటుకొని ముద్దకట్టే ప్రమాదమూ ఉంది. అందుకే ఆర్జినిన్, హిస్టిడిన్ వంటి అమైనో ఆమ్లాలు, చక్కెరలు, గాజుకు అంటకుండా పాలిసార్బేట్, ఇలా ఏ మందుకు ఏది పొసగుతుందో పరీక్షించి కలుపుతారు. 2002లో అమెరికాలో అనుమతి పొందిన అడాలిముమాబ్ మొదట 0.8 మిల్లీలీటర్లలో 40 మిల్లీగ్రాములుగా వచ్చింది. తర్వాత అదే మోతాదును 0.4 మిల్లీలీటర్లలో ఇమిడ్చారు. మంట పుట్టించే సిట్రేటు తీసేశారు.

ఇంకా పెద్ద మోతాదులకు హయలురోనిడేజ్ అనే ఎంజైము తోడైంది. చర్మం కింది జిగురును కాసేపు సడలించి మందుకు దారి ఇస్తుంది. విశేషమేమిటంటే, పాము విషంలోనూ ఈ ఎంజైమే ఉండి విషం పాకడానికి తోడ్పడుతుంది. దీని సాయంతో 2013లో యూరప్‌లో రొమ్ము క్యాన్సర్ మందు ట్రాస్టుజుమాబ్ 600 మిల్లీగ్రాములను 5 మిల్లీలీటర్లలో, రెండు నుంచి ఐదు నిమిషాల్లో తొడకు వేసే రూపానికి అనుమతి లభించింది. నరానికైతే తొలి మోతాదుకు 90 నిమిషాలు పట్టేది.

ఇంత పురోగతిలోనూ నా మనసుకు తోచేది ఒకటుంది. పాముకాటు మందు నీటిని పూర్తిగా వదిలి ఎండను గెలిచింది. ఈ కొత్త మందులు నీటిని తగ్గించి ఆసుపత్రి మంచాన్ని తప్పించాయి గాని, సిద్ధంగా నింపిన సూది ద్రవమే కనుక చల్లదనం అవసరాన్ని మళ్లీ తెచ్చిపెట్టాయి. మండల కేంద్రంలో నమ్మకమైన ఫ్రిజ్ లేకపోతే ఐదు నిమిషాల సూది కూడా మన పల్లెకు రాదు.

చివరగా తోటి పెన్షనర్లకు మనవి. ఈ ఇంజక్షన్లను ఫ్రీజర్‌లో పెట్టవద్దు, కుదపవద్దు. తెచ్చేటప్పుడు ఐసుముక్కకు నేరుగా తగలనీయవద్దు. అడాలిముమాబ్ 25 డిగ్రీలలోపు 14 రోజులు ఆగుతుందని కరపత్రంలో ఉంటుంది. మన ఎండాకాలంలో ఏ ఇంట్లో 25 డిగ్రీలు ఉంటాయి? ఫ్రిజ్ నమ్మకం లేనివారు సూది వేయించుకునే రోజునే దుకాణం నుంచి తెచ్చుకోవడం మేలు.